ఆత్మకూరు బాక్సు

ఆత్మకూరంటే నాకు పడదు. ఎందుకని అడిగినవాళ్ళకు పూటకో కారణం చెబుతుంటాను. వాళ్ళకు డివిజన్ ఆఫీసు ఉంది, మున్సిపాలిటీ ఉంది, నెల్లూరుకు ఎప్పుడు కావాలంటే అప్పుడు బస్సు ఉంది. మా ఉదయగిరికి కొండ మీద కోట ఉంది. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారు. ఇవన్నీ పైకి చెప్పే కారణాలు. అసలు కారణం రాజమోహన్.

వాడిది ఆత్మకూరే. పదో తరగతి తప్పి మా షాపులో పనికి చేరాడు. మా షాపంటే బస్టాండు వెనక సందులో ఉన్న రమణయ్య మోటార్ వైండింగ్ వర్క్స్. రమణయ్య మా నాయన. కాలిపోయిన బోరు మోటారు తెస్తే పాత తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి, మళ్ళీ తిరిగేట్టు చేసి పంపడం మా పని. నేనూ రాజమోహనూ నాయన ముందు పక్కపక్కన కూర్చుని తీగ చుట్టడం నేర్చుకున్నాం. వాడు చుట్టింది చూసి నాయన ఏమీ అనేవాడు కాదు. నేను చుట్టింది చూసి మాత్రం "విప్పి మళ్ళీ చుట్టు" అనేవాడు. కొడుకువి కాబట్టి నీకు గట్టిగా నేర్పుతున్నాడని అమ్మ సర్దిచెప్పేది. నేను నమ్మినట్టు తలూపేవాణ్ణి.

తర్వాత వాడు ఆత్మకూరు వెళ్ళిపోయి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. పెట్టుకోనీ. వైండింగ్ చేసుకుంటూ వాడి బతుకు వాడు బతికితే నాకేం నొప్పి? వాడు వైండింగ్ వదిలేసి బాక్సు తయారు చేశాడు. అక్కడ మొదలైంది నా కడుపుమంట. దాన్ని దాచుకునే అలవాటు నాకు లేదు.

బాక్సంటే పెద్ద విషయమేం కాదు. మా పడమటి పల్లెల్లో పొలానికి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు రైతు తింటున్న కంచం వదిలి మోటారు దగ్గరికి పరిగెత్తాలి. ఫోనుతో మోటారు వేసే బాక్సులు వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. బాక్సులో ఒక సిమ్ము వేసి స్టార్టరు పక్కన బిగిస్తారు. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేస్తే పొలంలో మోటారు తిరుగుతుంది. అవి చైనా నుంచి వచ్చేవి. మద్రాసులో ఒకాయన దగ్గర్నుంచి తెప్పించి నేనూ అమ్మాను. చవకగా వచ్చేవి, ఎగబడి కొనేవాళ్ళు.

కానీ చైనావాడికి సీతారామపురం బోరు సంగతేం తెలుసు? మా బోర్లు కాసేపు పోస్తాయి, ఆగిపోతాయి, మళ్ళీ నీళ్ళు ఊరాలి. ఊరకముందే మోటారు తిరిగితే ఉత్త గాలి పీల్చి కాలిపోతుంది. చైనా బాక్సు వెయ్యమంటే వేస్తుంది, తియ్యమంటే తీస్తుంది, అంతకు మించి దానికి పట్టదు. అందువల్ల మోటార్లు బాగా కాలేవి. కాలితే ఎక్కడికి తెస్తారు? మా షాపుకే. బాక్సు అమ్మినప్పుడు ఒక గిరాకీ, అది కాల్చిన మోటారు చుట్టినప్పుడు ఇంకో గిరాకీ. ఏడాదిపాటు నా అంత సుఖపడినవాడు ఉదయగిరిలో లేడు.

రాజమోహన్ ఆ సుఖాన్ని చెడగొట్టాడు. ఒక వేసవంతా చేతిలో ఏంపియర్ మీటరు పట్టుకుని బోర్ల వెంట తిరిగాడు. నీళ్ళు అడుగంటేటప్పుడు మోటారు లాక్కునే కరెంటు ఎట్లా పడిపోతుందో కనిపెట్టాడు. ఆ పడిపోవడం మొదలుకాగానే మోటారును ఆపేసేలా సర్క్యూట్ బోర్డు గీసుకుని, దగ్గరుండి తయారు చేయించాడు. అంతటితో ఊరుకున్నాడా? ఏ బోరు ఎంతసేపట్లో ఊరుతుందో బాక్సే కొన్నాళ్ళు గమనించి, అంతసేపు ఆగి, తనంతట తానే మళ్ళీ మోటారు వేసేట్టు చేశాడు. అటువంటి మీటరు మా షాపు సొరుగులోనూ ఉంది. దాని మీద దుమ్ము కూడా ఉంది.

చూస్తుండగానే వరికుంటపాడు, కలిగిరి వైపు నుంచి కాలిన మోటార్లు రావడం తగ్గింది. షాపు ముందు బెంచీ మీద రైతులు కూర్చునే చోట నేను కూర్చోవడం మొదలైంది. ఆత్మకూరు బాక్సు అంటున్నారు, అది మాట్లాడుతుందట కూడా అంటున్నారు. నా చెవిన పడేట్టు మాత్రం ఎవరూ అనరు. నేను ఎదురుపడితే మాట మార్చేస్తారు.

నేను మాత్రం ఊరుకుంటానా? చైనా బోర్డు విప్పి నా బుర్ర కూడా కాస్త వాడి, మిస్డ్ కాల్ బాక్సు చేశాను. ఫోన్ ఎత్తే పని లేదు, బ్యాలెన్స్ ఖర్చు లేదు. ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, ఇంకోటి ఇస్తే ఆగుతుంది. మా వాళ్ళకు మిస్డ్ కాల్ అంటే ప్రాణం. బస్సు దిగానని ఒకటి ఇస్తారు, పొలానికి బువ్వ పంపమని రెండిస్తారు. నా బాక్సు ఆత్మకూరును మింగేస్తుందనుకున్నాను.

మొదటి బాక్సు మా అత్త పొలంలో పెట్టాను. అత్త పేరు ఆదిశేషమ్మ, వరికుంటపాడు పక్కన నిమ్మతోట ఉంది. నాయనకు సొంత చెల్లెలు, నా భార్య విజయదుర్గకు తల్లి. బాక్సుకు కొత్త సిమ్ము తెచ్చుకోమని చెప్పాను. "పాత సిమ్ము పోపుల డబ్బాలో పడుండాది గదా అబ్బయ్యా, మళ్ళీ ఇంకోటి దేనికి?" అని తన పాత సిమ్మే వేయించింది. మా వైపు ఎవరైనా చేసే పనే అది. పారేసే వస్తువని మా ఇళ్ళల్లో ఏదీ ఉండదు. ఆ నంబరు చుట్టపక్కాలందరి ఫోన్లలో ఉందన్న సంగతి నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

సీతారామపురం నుంచి ఆమె తోడికోడలు ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది. మోటారు తిరిగింది. తిరిగి ఫోన్ రాలేదేమని ఇంకోటి ఇచ్చింది. ఆగింది. పెళ్ళి పిలుపులకు, చావు కబుర్లకు, బంగారం లోను కావాలా అని అడిగేవాళ్ళకు, అందరికీ మోటారు తిరిగింది. ఎవరో ఒకరు చివరి మిస్డ్ కాల్ ఇచ్చి మర్చిపోయారు. బోరు ఎండినా మోటారు తిరుగుతూనే ఉంది. కాలి బొగ్గయింది. సొంత అత్త కాబట్టి ఊరికే చుట్టి ఇచ్చాను. టీకొట్టు దగ్గర మాత్రం చాలాకాలం, "ప్రసాదూ, మీ అత్త మోటరుకు ఓ మిస్డ్ కాల్ ఇయ్యి, టీ పెట్టి పంపుతాదేమో" అని ఏడిపించారు. నా బాక్సు అక్కడితో ముగిసింది.

ఇదంతా జరిగేటప్పటికే నాయన పోయి ఏడాది దాటింది. పోవడం తేలిగ్గానే పోయాడు. మంచాన పడలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. ఆయనవి ఫొటోలు ఉన్నాయి, ఆయన చేతి సుత్తి ఉంది, ఆయన పేరు బోర్డు మీద ఉంది.

మొన్న ఎండాకాలంలో మా షాపుకు ఒకమ్మాయి వచ్చింది. పేరు అశ్విత. కోయంబత్తూరులో పంపుసెట్లు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. చిత్తూరు పిల్లట, తెలుగు బాగా మాట్లాడింది. స్టూలు తుడిచి వేశాను, కూల్‌డ్రింకు తెప్పించాను. నా బాక్సు చూడ్డానికే వచ్చిందేమోనని లోలోపల కాస్త ఉబ్బాను కూడా.

"ఆత్మకూరు బాక్సు వచ్చాక మీకు కాలిన మోటార్లు తగ్గాయా సార్?" అని అడిగింది.

"ఏం తగ్గలా" అన్నాను. షాపులో ఒక్క మోటారు లేదు.

ఆమె అటూ ఇటూ చూసి, నవ్వకుండా ఏదో రాసుకుంది. తర్వాత వాళ్ళ కంపెనీ సంగతి చెప్పుకొచ్చింది. "ఇన్నాళ్ళూ మేమూ చైనా బోర్డులే వేసి అమ్మాం సార్. ఆ ధరకు మనం చెయ్యలేం. ధరలో పోటీ పడితే ఎప్పుడూ మనమే ఓడిపోతాం. వాళ్ళకు తెలియనిది ఒకటి మనకు తెలిసుండాలి. ఎండిపోయే బోరు మనకు తెలుసు. ఇటువంటి బోర్లు తమిళనాడులో ఉన్నాయి, కర్ణాటకలో ఉన్నాయి, శ్రీలంకలో కూడా ఉన్నాయి. అక్కడంతా ఇప్పుడు చైనా బాక్సులే. ఇక్కణ్ణించి మన బాక్సు పోవాలి. అన్నిటికంటే నాకు దాని గొంతు నచ్చింది సార్. ఇంట్లో పెద్దాయన మాట్లాడినట్టు ఉంటుంది. రైతులు దానికి తిరిగి జవాబు చెబుతున్నారు, మీరు చూశారా?"

చూడలేదన్నాను.

లేచి వెళుతూ బోర్డు వైపు చూసి, "మీరూ రాజమోహన్ గారి దగ్గరే నేర్చుకున్నారా?" అంది.

వాడి దగ్గర నేను నేర్చుకున్నానా! ఇక్కడ, ఈ గడపలో, మా నాయన కాళ్ళ దగ్గర కూర్చుని వాడు నేర్చుకున్నాడు. ఆ మాటే అరిచి చెప్పాలనిపించింది. తీరా నోరు తెరిస్తే "కాదమ్మా" అని మాత్రమే వచ్చింది. ఆమె అప్పటికే కారెక్కింది. ఆ రోజంతా ఎవరు పలకరించినా కసురుకున్నాను. దేశం చైనాతో పోటీ పడితే పడనీ, గెలిస్తే గెలవనీ. గెలిచేది ఆత్మకూరు నుంచే కావాలా? ఉదయగిరికి ఏం తక్కువ?

ఆ ఆదివారం విజయదుర్గ, నేను అత్త ఇంటికి భోజనానికి వెళ్ళాం. ముద్దపప్పు, నిమ్మకాయ పులుసు పెట్టింది. సగం తిన్నామో లేదో కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది. అత్త కొంగుకు చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసి స్పీకర్ పెట్టి ఏదో నొక్కింది.

"ఆఁ, ఏసినాలే. నీళ్ళు పడతా ఉండాయి. నువ్వు పోయి బువ్వ తిను పో."

అది మా నాయన గొంతు. 'ఏసినాలే' అన్నప్పుడు చివర కాస్త సాగదీయడం, 'బువ్వ' దగ్గర చిన్న దగ్గు ఆపుకోవడం, అన్నీ ఆయనవే. పోయినవాడు వచ్చి వాకిట్లో నిలబడి మాట్లాడినట్టు ఉంది.

"ఎక్కడిది అత్తా అది?"

"ఆత్మకూరు బాక్సు అబ్బయ్యా" అంది అత్త, తప్పు చేసిన దానిలా. "నీ బాక్సు మీద కోపమై కాదు. మా అన్న గొంతు ఇందులో ఉండాదని కలిగిరిలో ఎవురో చెప్పినారు. ఇనాలనిపించి తెచ్చుకున్నా. పాత సిమ్మే ఏసినా, అయినా తోడికోడలు ఎన్ని మిస్డ్ కాల్సు ఇచ్చినా ఇది తిరగదు. నీళ్ళు అయిపోతే ఏమంటాడో తెలుసునా? 'తొందరేందమ్మే, కాసేపు ఊరనీ' అంటాడు. అచ్చం మా అన్నే."

విజయదుర్గ తలెత్తలేదు. అంటే ఆమెకూ తెలుసు. కలిగిరికి తెలుసు, నా ఇంట్లోవాళ్ళకు తెలుసు, ఒక్క నాకే తెలియదు. అన్నిటికన్నా ఆ మాట నన్ను కాల్చేసింది. బువ్వ తిను పో అట. మా నాయన అంత మెత్తగా నాతో ఎప్పుడు అన్నాడు? నాకు చెప్పింది విప్పి మళ్ళీ చుట్టమని. ఊళ్ళో ప్రతి రైతుకూ బువ్వ తినమని చెబుతున్నాడు, అదీ రాజమోహన్ బాక్సులో కూర్చుని!

మర్నాడు పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కాను.

వాడి షాపు ఇప్పుడు షాపులా లేదు. పొడుగాటి బల్లల ముందు ఆడపిల్లలు కూర్చుని బోర్డులకు సోల్డరింగ్ పెడుతున్నారు. గోడకు ఆనించి తెల్లటి బాక్సులు వరసలుగా పేర్చి ఉన్నాయి. నన్ను చూడగానే రాజమోహన్ లేచి నిలబడ్డాడు. "రా ప్రసాదన్నా, కూర్చో" అని తన కుర్చీ జరిపాడు. వాడి మర్యాద నాకు అక్కర్లేదు.

"మా నాయన గొంతు దొంగతనంగా పెట్టుకున్నావేందిరా?" అన్నాను. ఆడపిల్లల చేతులు ఆగిపోయాయి.

"దొంగతనం కాదన్నా. ఆయనే వచ్చినాడు. వచ్చి ఈ కిటికీ కాడ కూర్చోని అన్నీ చెప్పినాడు. ఏ మాట ఎట్టా అనాల్నో ఆయనే చెప్పినాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. కళ్ళు మసకలు కడుతున్నాయని, ఆత్మకూరులో డాక్టరుకు చూపించుకోవాలని నాయన అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఆయన కళ్ళు బాగానే ఉండేవని నాకు ఆ కిటికీ చూశాక అర్థమైంది.

"ముందు నిన్నే అడిగినాడంటన్నా" అన్నాడు రాజమోహన్ మెల్లిగా. "అప్పట్లో నువ్వమ్మే చైనా బాక్సులో మాట పెడదామంటే, నీ యాస ఎవురింటారు నాయనా, టీవీలో ఆమె మాదిరి ఉండాల అన్నావంట."

అన్నాను. అంటే? కొడుకు ఒక మాటంటే పోయి పరాయివాడి బాక్సులో చేరిపోతారా? ఆ మాట వాడి నోట వినాల్సి రావడం అన్నిటికంటే ఎక్కువగా మండింది. నాయన ఇంటి విషయాలు కూడా వీడితో చెప్పుకున్నాడన్నమాట.

"తీసెయ్యి" అన్నాను. "నా తండ్రి గొంతు. నేను ఒప్పుకోను. అన్ని బాక్సుల్లోంచీ తీసెయ్యి."

వాడు బతిమాలతాడనుకున్నాను. ఆ గొంతంటే అశ్వితకు ఇష్టమని నాకు తెలుసు. అది పోతే ఆమె కంపెనీతో వాడికి కుదరబోయే కాంట్రాక్టు కూడా పోతుందేమోనని చిన్న ఆశ. వాడు నా కాళ్ళమీద పడాలి, నేను కుదరదని లేచి రావాలి. బస్సులో ఇదంతా అనుకుంటూ వచ్చాను.

రాజమోహన్ బతిమాలలేదు. "నీ తండ్రన్నా. నువ్వొద్దంటే నేను పెట్టుకోను" అన్నాడు. "ఇక్కడున్నవి ఇప్పుడే మార్చేస్తాం. రైతుల కాడ ఉన్నవి సాయంత్రానికి ఇక్కణ్ణించే మారిపోతాయి. అందరికీ ఒక మాట చెప్పి మారుస్తా." ఒక పిల్లను పిలిచి ఏదో చెప్పాడు. టీ తాగి పొమ్మన్నాడు. తాగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గెలిచిన సంతోషంతో ఈల వేయబోయాను, రాలేదు. సాయంత్రానికి మారిపోతాయన్న మాట తలలో తిరుగుతోంది. మారేలోపల ఒక్కసారి వింటే ఏం పోయింది అనిపించింది. అత్త బాక్సులో ఉన్నది ఆమె పాత సిమ్మే కదా. నా ఫోన్లో 'అత్త పాతది' అని ఆ నంబరు ఇంకా అలాగే ఉంది. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎవురు నాయనా నువ్వు? నువ్వెవురో నాకు తెలీదు. ఇంటోళ్ళతో చెప్పించుకోని రా, పో."

కట్ అయింది.

మళ్ళీ చేశాను. నువ్వెవురో నాకు తెలీదు అన్నాడు. ఇంకోసారి చేశాను. అదే మాట, అదే నిదానం. "నేను నాయనా, ప్రసాదుని" అన్నాను, పక్క సీటు ఆయన తిరిగి చూసేంత గట్టిగా. ఇంటోళ్ళతో చెప్పించుకోని రా, పో అన్నాడు. అది బాక్సని నాకు తెలుసు. ఎక్కించిన నంబర్లకు ఒక మాట, ఎక్కించని నంబర్లకు ఒక మాట చెబుతుందని తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు. అత్త ఎవరో ఆ గొంతుకు తెలుసు, ఆమె జీతగాడు తెలుసు, ఆమె ఊళ్ళో లేనప్పుడు మోటారు వేసే పక్క తోట మహబూబ్ సుభాని తెలుసు. వాళ్ళందరికీ బువ్వ తినమని చెబుతుంది. కన్నకొడుకును మాత్రం ఎవడివిరా అంటోంది.

ఉదయగిరిలో దిగి షాపుకు వెళ్ళలేదు. ఆగి ఉన్న వరికుంటపాడు బస్సెక్కేశాను.

అత్త అరుగు మీద నిమ్మకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు.

"రాజమోహన్ ఫోన్ చేసినాడు" అంది. "గొంతు మారస్తా ఉండాం పెద్దమ్మా, ఏమనుకోవద్దు అన్నాడు. ఎందుకురా అంటే నీ పేరు చెప్పలా. నేనే కనుక్కున్నా. ఇంకెవురికి ఉండాది అంత కుళ్ళు?"

నా పేరు చెప్పలేదట. అంత మంచివాడైతే ఎలా వేగడం? అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేశాను.

"ఒరే, రైతుల కాడ ఉండే బాక్సులు ముట్టుకోవద్దు. నాయన గొంతు అట్నే ఉండనీ."

"అట్నేన్నా" అన్నాడు. ఎందుకు మనసు మారిందని కూడా అడగలేదు.

"మరి కొత్తవి?"

"కొత్తవి నువ్వు పోయిన ఎంబడే మార్చేసినామన్నా. అశ్విత మేడమ్‌కు ఒక ఆడపిల్ల గొంతు పంపినా. బాగుండాది, ఇదే ఖాయం చేద్దాం అనింది. మధ్యాన్నం సంతకాలు కూడా అయిపోయినాయి."

అంటే మా నాయన గొంతు లేకపోయినా కాంట్రాక్టు ఆగలేదు. వాడిది ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. తెలుగు మాట్లాడే ఊళ్ళన్నిటికీ వెళ్ళాల్సిన గొంతును పడమటి మండలాల్లో నేనే కట్టేశాను. ఫోన్ పెట్టేసి అత్త పక్కన కూలబడ్డాను. ఆమె నిమ్మకాయలు ఏరుతూనే ఉంది.

"అత్తా, బాక్సులో నా నంబరు కూడా ఎక్కించు" అన్నాను.

"దేనికి? మోటరు నేనేసుకుంటా గదా."

"నాయన నన్ను తెలీదంటా ఉండాడు అత్తా."

అత్త కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు. కరిగింది, ఎక్కిస్తుంది అనుకున్నాను.

"ఎక్కించను" అంది. "తీసెయ్యమని చెప్పేటప్పుడు నీకు మాత్రం ఆయన తెలిసినాడా? అనిపించుకో."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. విజయదుర్గ చేత అడిగించినా వినలేదు. అత్త ఫోన్ నుంచి చేస్తే తప్ప ఇంకో నంబరు ఎక్కదు. ఆ ఫోనును ఆమె రవికలోంచి తీయదు.

ఇప్పుడు ఆత్మకూరు బాక్సు తమిళనాడులో తమిళం మాట్లాడుతోంది, కర్ణాటకలో కన్నడం మాట్లాడుతోంది. శ్రీలంకకు మొదటి లోడు వెళ్ళినరోజు పేపర్లో రాజమోహన్ ఫొటో వేశారు. చైనా బాక్సును ఒక చిన్న ఊరివాడు వెనక్కి నెట్టాడని, దేశం నేర్చుకోవాల్సింది ఇదేనని రాశారు. గురువు ఉదయగిరి రమణయ్య అని వాడు చెప్పాడట, అది కూడా వేశారు. ఎవరూ అడక్కుండా ఆ మాట చెప్పమని వాడికెవరు చెప్పారు? ఆ పేపరును టీకొట్టులోనే మడిచి, గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

నాయన చెప్పిన మాటలన్నీ రాజమోహన్ దగ్గర ఉంటాయి. అడిగితే ఇస్తాడు. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎవరో ఒకరికిచ్చి బస్సులో పంపిస్తాడు, డబ్బులు కూడా తీసుకోడు. అందుకే అడగను.

రోజూ పొద్దున షాపు తెరిచి, నాయన పీట తుడిచి, 'అత్త పాతది' నొక్కుతాను. మొన్న నేను చేసేటప్పటికి లైను కలవలేదు, సుభాని మాట్లాడుతున్నాడేమో. వాడికి బువ్వ తినమని చెబుతూ ఉంటాడు నాయన. ఆ కాసేపూ నాకు వాడి మీద కూడా ఒళ్ళు మండింది. మళ్ళీ చేశాను. ఎత్తాడు. నువ్వెవురో నాకు తెలీదు అన్నాడు. అననీ. దానికి ముందు "ఎవురు నాయనా నువ్వు" అంటాడు కదా, ఆ నాయనా అన్న మాట దాకా విని, తర్వాతది వినబడకముందే నేనే పెట్టేస్తాను.